గోతాల్లో పట్టి తెచ్చిన కరువు

యాడికి ఊరి బస్టాండు ఎదురుగా కదిరప్ప టీ అంగడి. ఆ ఆదివారం సాయంత్రం అంగడి ముందర ఎనిమిది మంది మనుషులు ఎనిమిది మూటల మీద కూర్చోనుండారు. మూటల్లో ఉండేది సర్కారోళ్ళు ఇచ్చిన శెనక్కాయ విత్తనం. మనుషులేమో ఎండాకాలమంతా ఫ్యాక్టరీల్లో పెద్ద పెద్ద మిషన్లను లారీల మీద నుంచి దించి, ఇనుప రోలర్ల మీద తోసుకుంటా పోయి, గీత గీసిన చోట కూర్చోబెట్టే గ్యాంగు. వాళ్ళకు మేస్త్రీ ఓబులేసు. వాన పడిందంటే మాత్రం మేస్త్రీ లేడు, గ్యాంగూ లేదు, అందరూ సేద్యగాళ్ళే.

వాళ్ళ మధ్యలో స్టూలు మీద హజరత్ వలి. కళ్యాణదుర్గం మనిషి. బ్యాటరీ ఫ్యాక్టరీల్లో మిషన్లు బిగించే సైట్లకు ఇంచార్జి. జేబులో మూడు పెన్నులు, మెడలో ఈల, చేతిలో టీ గ్లాసు. నోట్లో ఉండేవి కోతలేనని యాడికి ఊరంతా తెలుసు.

వలికి ఆ పొద్దు ఒకటే పని. రేపు తెల్లారి ఆరింటికి ఈ గ్యాంగును బండెక్కించాల. కొత్త సైట్లో మిషన్లు ఇంకా పెట్టెల్లోనే పడుండాయి. పైనున్న ఆఫీసరు ఫోన్లో తేల్చి చెప్పినాడు, సోమవారం నీ గ్యాంగు పని మొదలు పెట్టకుంటే మంగళవారం హోసూరు గ్యాంగు దిగుతాది, వాళ్ళతోపాటు వాళ్ళ ఇంచార్జి కూడా దిగుతాడని. అంటే ఏమని? నువ్వు ఇంటికి పో అని.

గ్యాంగుకు కూడా ఒకటే మాట కావాల. అడిగింది శశి. ఈ ఏడే గ్యాంగులో చేరినోడు, వలి కింద ఇంతవరకూ పని చెయ్యలేదు, ఎవుర్నీ ఊరికే నమ్మే రకం కూడా కాదు.

"సార్, ఒక్కటి చెప్పు. మేం వస్తాం. వచ్చినాక వాన పడి పదునైతే, విత్తనం వేసుకునేకి మమ్మల్ని ఇడుస్తావా, ఇడవవా?"

ఈ సీమలో పదును, అంటే విత్తేకి సరిపోయే తడి, నేలలో నిలిచేది మూడు దినాలు, మించితే నాలుగు. ఆ నాలుగు దినాల్లో విత్తనం నేలలో పడకుంటే ఆ ఏడు చేను బీడే. శశి అడుగుతానే పడమర దిక్కు చూసినాడు. ఆడ మబ్బు రొంత నల్లగా ఉండాది.

వలి జేబులో, మూడు పెన్నుల ఎనకాల, మడిచిన కాయితం ఒకటి ఉండాది. మిషన్లు ఆడించి చూసే ట్రయల్ అయ్యేదాకా నలభై దినాలు ఒక్క మనిషిని కూడా బయటికి పంపనని సంతకం పెట్టిన కాయితం. ఇడుస్తానంటే ఉద్యోగం పాయె, ఇడవనంటే గ్యాంగు పాయె. ఇట్లా ఇరుక్కున్నప్పుడు వలికి తెలిసిన దారి ఒకటే. టీ ఒక గుక్క తాగి గొంతు సవరించుకున్నాడు.

"ఇడిసేది, ఇడవంది నిదానంగా మాట్లాడదాం లేప్పా. నా సైట్లో వాన కూడా నన్ను అడిగే పడింది, తెలుసునా నీకు?"

"మొదలుపెట్టినాడప్పా," అని కదిరప్ప ఇంకో గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టినాడు. వలి నోరు తెరిస్తే అంగడికి ఇరవై టీల బేరం.

"పోయినేడు, పుట్టపర్తి దాటినాక ఫ్యాక్టరీ. బ్యాటరీ లోపల వేసే రేకులకు పొడి పూసి ఎండబెట్టే మిషను వచ్చింది. ఇరవై టన్నులు. షట్టరు కాడికి తెచ్చినాం. చూస్తే ఏముండాది, షట్టరు కంటే మిషను రెండు వేళ్ళు వెడల్పు ఎక్కువ. గోడ కొట్టాలన్నారు అందరూ. గోడ కొట్టి మళ్ళా కట్టాలంటే పది దినాలు. నేను మిషను చుట్టూ ఒక్క సారి తిరిగినా. ఒక్కటే సారి. పక్కన రేకు మూత కనపడింది, పదహారు బోల్టులు. ఇప్పించినా. మూడు వేళ్ళు తగ్గింది. లోపలికి పోయింది. అంతే."

"అది నిజమే," అన్నాడు ఓబులేసు. "బోల్టులు ఇప్పింది నేనే."

వలికి ఆ ఒక్క మాట చాలు. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"చూసినారు కదా, బావే చెప్తాండాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది బావకు కూడా తెల్దు, బావ అప్పుడు అన్నానికి పోయినాడు. మిషన్ను రొంత పైకెత్తి కింద రోలర్లు సర్దుదామని చైన్ పుల్లీకి తగిలించినాం, ఎత్తినాం, జానెడు లేచింది, ఠప్పుమని గొలుసు తెగె! ఇరవై టన్నులు! కింద పార్కు సారు. పార్కంటే ఆయప్ప పేరే, కొరియా ఇంజనీరు, పాపం, పడుకోని కింద బోల్టు చూస్తాండాడు. ఏం చేస్తావు? ఆలోచించేకి టైము యాడుండాది? భుజం మీద తుండు తీసినా, మిషను కొక్కేనికి ఏసినా, పట్టుకున్నా. ఎడం చేత్తో."

"ఎడం చేత్తో యాల?" అన్నాడు కదిరప్ప. "కుడి చెయ్యి ఏమైంది?"

"కుడి చేతిలో నీ టీ ఉండె కదప్పా! పారబోస్తానా?"

"నా టీ పుట్టపర్తి కాడికి ఎట్ల వచ్చె?"

"ప్లాస్కులో." వలి ఆ మాట ఎంత బిరీన అన్నాడంటే కదిరప్పే తిరిగి తన ప్లాస్కుకల్లా చూసుకున్నాడు. "పార్కు సారు బయటికి పాక్కుంటా వచ్చి, నా చేతికల్లా చూసి, గ్లాసుకల్లా చూసి, వంగి దండం పెట్టినాడు. వాళ్ళు వంగినారంటే నడుము కాడికి వంగుతారు. ఈయప్ప నేలకు తల తగిలేటట్టు వంగినాడు. నేను చెప్పినా, సారూ, నడుము పట్టుకుంటాది, లెయ్యి అని."

మూటల మీద నవ్వు మొదలైంది. శశి మాత్రం నవ్వలేదు.

"సార్, నేను అడిగింది వాన గురించి."

"ఆడికే వస్తాండా నాయనా, గమ్మునుండు. మిషను కూర్చోబెట్టినాక లెవలు చూడాల కదా. పార్కు సారు ఎర్రగీత పడే లైటు పెట్టినాడు. వెంట్రుకంత తేడా కూడా లేదన్నాడు. నేను జేబులోంచి శెనక్కాయ గింజ ఒకటి తీసి మిషను మీద పెట్టినా. దొర్లింది. సారూ, వెంట్రుకలో సగం తేడా ఉండాది, నీ లైటే వంకర అన్నా. లైటును ఇప్పి చూస్తే నిజంగానే వంకర! ఆ గింజను సారు పత్తిలో చుట్టి వాళ్ళ దేశానికి పంపినాడు. ఇప్పుడు ఆ దేశంలో ఏ మిషను బిగించినా మన శెనక్కాయ గింజ పెట్టందే లెవలు చూడరు."

"గింజ గుండ్రంగా ఉంటాది. యాడ పెట్టినా దొర్లుతాది," అన్నాడు శశి.

"నువ్వు పెడితే దొర్లుతాది. నేను పెడితే చెప్తాది."

ఈసారి శశి మూతి కూడా రొంత వంకర పోయింది. నవ్వు ఆపుకున్నాడని వలి కనిపెట్టినాడు. ఈ ఒక్కడు మెత్తబడితే చాలు, మిగతా ఏడుగురూ తనవాళ్ళే. ఇంకో రొంత సేపు లాగితే అడిగిన మాట వీడే మర్చిపోతాడని వలి ఆశ.

అప్పుడే సంత నుంచి లక్ష్మీదేవి వచ్చింది. ఓబులేసు పెండ్లాము. పోయినేడు కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉండింది, ఇప్పటికీ రొంత కుంటుతాది. కూరగాయల సంచి కింద పెట్టి మొగుని మూట మీదనే ఒక పక్కన కూర్చునింది.

"ఆటో దొరకలేదా అక్కా?" అన్నాడు వలి.

"దొరుకుతాది లేప్పా. నువ్వు కానీ. ఎంతవరకు వచ్చింది?"

"ఇరవై టన్నులు ఎడం చేత్తో పట్టుకున్నంత వరకు," అన్నాడు ఓబులేసు.

"అట్లైతే ఇంకా మొదట్లోనే ఉండాదన్నమాట."

వలి పట్టించుకోలేదు. అసలు కథ ఇప్పుడే ఉండాది.

"శశీ, డ్రై రూమంటే ఏమో తెలుసునా నీకు? బ్యాటరీలో వాడే పొడి ఉండాదే, దానికి తడి తగలకూడదు. మన ఇంట్లో అప్పడాలు మెత్తబడినట్టు చెడిపోతాది. అందుకని ఒక పెద్ద గది కట్టి, ఆ గదిలో గాలినంతా పిండి పిండి ఎండబెడతారు. ఆలోచించు. మనకు దేవుడు ఊరికే ఇచ్చిన కరువును వాళ్ళు కోట్లు పోసి ఒక గదిలో పుట్టించుకుంటారు! నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సరే, ఆ గాలి పిండే మిషను రావాల. రాలేదు. మద్రాసు రేవులో నిలబడిపోయింది. ట్రయల్‌కు ఎన్ని దినాలుండాది? ఆరు. పార్కు సారు తల పట్టుకున్నాడు. అన్నం మానేసినాడు. నేను పోయి భుజం మీద చెయ్యేసి చెప్పినా. సారూ, నీకు కావాల్సింది ఎండిన గాలే కదా? మా యాడికిలో ఎంత కావాలంటే అంత ఉండాది. రెండు లారీలు ఇయ్యి అన్నా."

"ఓరి నాయనో," అన్నాడు కదిరప్ప.

"శెనక్కాయ గోతాలు మూడు వందలు తెచ్చినా. మే నెల. మిట్ట మధ్యాన్నం. ఈ ఎర్ర చేన్లల్లో నిలబడి, గోతం మూతి తెరిచి, గాలి నిండినాక గట్టిగా బిగించి కట్టినాం. బావ అప్పుడు..."

"యాడికి పోయినా నేను?" అన్నాడు ఓబులేసు.

"ఫోను చార్జింగు పెట్టేకి పోయినావు బావా. మూడు వందల గోతాల కరువును లారీల్లో ఏసుకోని పోయినాం. దావలో చెక్‌పోస్టోళ్ళు ఆపినారు, గోతాల్లో ఏముండాదప్పా అన్నారు. కరువు అన్నా. ఇప్పి చూపించు అన్నాడు ఒకాయప్ప. వద్దు సారూ అన్నా, ఇన్లేదు. రొంత మూతి తెరిచినా. ఆయప్ప నోట్లో నమిలే ఆకూ వక్కా పొడి పొడై రాలిపాయె. పోండి పోండి అన్నాడు.

"గదిలో గోతాలు పెట్టి, తలుపులు మూసి, ఒక్కొక్కటే ఇప్పుకుంటా వచ్చినాం. గోడ మీద తడి కొలిచే మీటరు ఉంటాది, అది సున్నాకు కింద నలభైకి దిగాల. నూరు గోతాలకే నలభై! ఇన్నూరుకు అరవై! మూడు నూర్లకు మీటరులో అంకెలు అయిపోయినాయి, దిగేకి చోటు లేక గమ్మున ఆరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చేతిలో టీ చూస్తాండంగానే పొడైపాయె. పాలపొడి యేరే, చెక్కెర యేరే, టీపొడి యేరే, మూడు కుప్పలు. సీలు తియ్యని నీళ్ళ సీసాలు ఉత్తవైపాయె. ఒకనికి చెమట పడితే పట్టింది పట్టినట్టే ఉప్పైపాయె, ఆ దినం సైట్లో మనిషికి పావుకిలో ఉప్పు రాలింది. పార్కు సారుకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడుస్తాండాడు, కన్నీళ్ళు లేవు! కంటి లోపలే ఆరిపోతాండాయి!"

కదిరప్ప చేతిలో గ్లాసులు కడగడం మర్చిపోయినాడు. ఎవుడో మూట మీద నుంచి కింద పడినంత పని చేసినాడు నవ్వలేక. బస్టాండు కాడ ఆటోకు నిలబడినోళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగినారు. వలికి ఒళ్ళంతా తేలికైంది. ఇట్లాంటప్పుడు జేబులో కాయితం ఉండే సంగతే వానికి గుర్తుండదు.

అప్పుడే పడమర దిక్కున సన్నగా ఉరిమింది.

ఎనిమిది మంది తలలూ ఒక్కసారే అటు తిరిగినాయి. నవ్వు ఆగిపోయింది. కొందరు కింద చెయ్యి పెట్టి మూట తడుముకున్నారు. శశి మళ్ళా ఇటు తిరిగినాడు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"పోయినేడు కూడా ట్రయల్ ముందర వానొచ్చింది కదా సార్. జూన్ మొదట్లో. నాకు గుర్తుండాది, మా నాయన ఆ పదునుకే విత్తనం ఏసినాడు. మరి నీ సైట్లో ఈ మనుషులు ఏం చేసినారు? ఇడిసినావా, ఆపినావా?"

పాత గ్యాంగోళ్ళకు సంగతి తెలుసు, అది వలి నోటితోనే రావాలని ఓబులేసు నేలకల్లా చూసినాడు. వలి ఓబులేసుకల్లా చూసినాడు. చెప్పాలంటే ఒక ముక్కలో చెప్పొచ్చు. చెప్తే ఈసారీ అట్లే చెయ్యమంటారు. చేస్తే ఈసారి ఉద్యోగం ఉండదు. పైగా ఆ కథలో వలి నలుగుర్లో తల దించుకోవాల్సింది ఒకటి ఉండాది. అందుకని ఎవురూ పోనంత ఎత్తుకు పోయినాడు.

"ఆపాల్సిన పనే రాలేదప్పా! విను. ట్రయల్ ఇంకా మూడు దినాలుండాది. పొద్దున్నే చూస్తే ఫ్యాక్టరీ మీద మబ్బు. ఎనుము మాదిరి నల్లగా, బారెడు కిందికి దిగి ఉండాది. పడిందంటే ఏమైతాది? తడి గాలి లోపలికొచ్చి నా మూడు వందల గోతాల కరువూ పాడైపోతాది. ఈ పక్క మనోళ్ళేమో మబ్బును చూసి అప్పుడే చెప్పులు ఏసుకుంటాండారు. రెండు దిక్కులా నష్టమే. ఏం చేసినా నేను? ఫ్యాక్టరీ పైకప్పు ఎక్కినా. బావ అప్పుడు..."

"చెప్పు చెప్పు," అన్నాడు ఓబులేసు.

"బావ అప్పుడు చెప్పులు ఏసుకుంటాండాడు. నేను కొత్త చైన్ పుల్లీ తీసుకోని, మబ్బు అంచుకు రెండు పక్కలా కొక్కేలు తగిలించినా. మబ్బంటే మెత్తగుంటాది అనుకునేరు. లోపల నీళ్ళు కదా, బరువు! కొలత ఏసినా, నాలుగు వేల టన్నులు. ఈల ఊదినా. సైగ చేసినా. రొంత పైకి... నిదానం... ఎడమకు... అట్లా ఒక్క చుక్క కారకుండా ఫ్యాక్టరీ మీద నుంచి పక్కకు జరిపి, లారీకి కట్టి, పుట్టపర్తి నుంచి ఈడికి, ఈ యాడికి చేన్ల మీదికి లాక్కొచ్చినా! ధర్మవరం కాడ కరెంటు తీగలకు తగిలింది, అప్పుడు రొంత కారింది, ఆ ఊరోళ్ళను అడుగు. వచ్చి, మన గ్యాంగోళ్ళ ఎనిమిది చేన్లు ఉండాయే, సరిగ్గా వాటి మీద నిలబెట్టి, కింద నట్టు ఇప్పినా. గట్టు దాటి పక్కోని చేన్లో ఒక్క చుక్క పడలేదు!"

"మా పక్క చేను తడిసింది," అని ఒక గొంతు.

"గాలికి చల్లినుంటాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలుది ఇదే. పదునైంది, విత్తనం ఎట్ల? మనోళ్ళు సైట్లో ఉండారు, ఒక్కడు కూడా కదల్లేదు. నేనే పార్కు సారు లైటు తెచ్చి బావ చేను గట్టు మీద పెట్టినా. ఎర్రగీత పడింది, ఈ చివర నుంచి ఆ చివరికి. ఆ గీత మీదనే ఎద్దుల్ని కట్టి, విత్తనం వేసే గొర్రు పట్టినా. ఒక్క పూట. నాలుగెకరాలు. శశీ, పోయి చూసిరా కావాలంటే. సాళ్ళు ఎట్లుండాయంటే, కాయితం మీద స్కేలు పెట్టి గీసినట్టు..."

"నిలుపు, నిలుపు," అనింది లక్ష్మీదేవి.

ఆమె గట్టిగా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోనుండాది. భుజాలు కదులుతాండాయి. మొదట దగ్గు అనుకున్నారు. కొంగు తీసినాక తెలిసింది, కండ్లలో నీళ్ళు వచ్చేటట్టు నవ్వుతాండాదని.

"స్కేలు పెట్టి గీసినట్టా! ఒరే వలీ, నీ మబ్బును నమ్ముతా, నీ గోతాల కరువును నమ్ముతా. నా చేన్లో సాళ్ళు నేరుగా వచ్చినాయంటే మాత్రం నా కాలు ఇంకోసారి విరిగినా నమ్మను."

"అక్కా," అన్నాడు వలి సన్నగా.

"అక్కా లేదు, గిక్కా లేదు. ఇంతకూ నా మొగుడు నీ సైట్లో యాపొద్దూ లేనట్టుండాడే, ఒకసారి అన్నానికి, ఒకసారి ఫోనుకు. అసలు లేనిది యాపొద్దో నేను చెప్తా, వినండి." ఆమె శశి దిక్కు తిరిగింది. "పోయినేడు వాన పడినప్పుడు నేను కాలికి కట్టుతో మంచంలో ఉండా. ట్రయల్ మూడు దినాలు ఉండాది. ఈయప్ప ఎనిమిది మందినీ పిలిచి, పోండప్పా, మూడు దినాల్లో విత్తనం ఏసుకోని రాండి అన్నాడంట. ఆ కొరియా సారుకేమో, గదిలో గాలి కుదురుకోవాల, మూడు దినాలు ఎవురూ తలుపు తియ్యకూడదని చెప్పినాడంట. ఆ కోత మాత్రం చానా బాగా కోసినాడు."

అందరూ వలికల్లా చూసినారు. వలి గ్లాసులోకి చూస్తాండాడు. గ్లాసులో ఏమీ లేదు.

"రెండో దినం పొద్దున్నే మా ఇంటి ముందర బండి ఆగింది. చూస్తే ఈయప్ప. అక్కా, నువ్వు మంచంలో ఉండావు, బావ ఒక్కడే ఎట్ల ఏస్తాడు, నేను వస్తా అన్నాడు. విత్తనం పోసేది నా పని. నీ బదులు బావ పోస్తాడు, గొర్రు నేను పడతా అన్నాడు. యాపొద్దన్నా పట్టినావా అంటే, ఇరవై టన్నులు తోలినోన్ని, రెండు ఎద్దులు ఒక లెక్కా అన్నాడు. చేతికి గొర్రు ఇచ్చినాం. మా చేను ఇంటి ఎదురే. మంచం వాకిట్లోకి ఏయించుకోని చూస్తాండా." ఆమెకు మళ్ళా నవ్వు ముంచుకొచ్చింది. "ఎద్దులకు సైగలు చేస్తాండాడప్పా! క్రేను డ్రైవర్లకు చేసినట్టు! చెయ్యి పైకెత్తి వేలు తిప్పుతాండాడు, పిడికిలి మూసి నిలబడమంటాండాడు. ఎద్దు ముందర నడుస్తాది, ఎనకాల నీ చేతులు దానికి ఎట్ల కనపడతాయి? కనపళ్ళేదని ఈల ఊదినాడు. అంతే! మా ఎర్రెద్దు యాపొద్దూ ఈల ఇన్లేదు. బెదిరిపాయె. చేను ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా ఉరికె. ఈయప్ప గొర్రు ఇడవకుండా ఎనకాల్నే ఉరికె. నా మొగుడు విత్తనం గంప పట్టుకోని ఆయప్ప ఎనకాల ఉరికె."

ఇంక ఎవురూ ఆగలేదు. బస్టాండు అంతా నవ్వింది. కదిరప్ప కౌంటరు మీద తల పెట్టుకోని నవ్వినాడు.

"మొలకొచ్చినాక చూడాల. సాళ్ళు ఎద్దు ఉచ్చ పోసినట్టు వంకర టింకర. దావన పోయే ఆటోలోళ్ళు ఆపి, ఎవురు ఏసినారమ్మా ఈ విత్తనం అని అడిగి మరీ నవ్వి పోయినారు. కలుపు తియ్యాలంటే సాలు యాడుండాదో ఎతుక్కోవాల్సి వచ్చింది." ఆమె కండ్లు తుడుచుకుంది. "కానీ ఏసినాడు. సందకాడ దాకా ఏసినాడు, చేతులు బొబ్బలు లేచినా ఇడవలేదు. ఆ పదును తప్పినుంటే పోయినేడు మాకు తినేకి గింజ ఉండేది కాదు."

నవ్వు నెమ్మదిగా తగ్గింది. ఓబులేసు అప్పుడు మాట్లాడినాడు. ఓబులేసు నోట్లోంచి రెండు మాటలొస్తే ఎక్కువ.

"మూడో దినం హెడ్డాఫీసుకు తెలిసిపోయింది. వానికి వార్నింగ్ లెటరు వచ్చింది. వాచ్‌మన్ చెప్పినాడు నాకు. వీడు చెప్పలేదు."

"అదంతా ఇప్పుడెందుకు బావా," అన్నాడు వలి. వాని మొగం ఎర్రగా ఉండాది. నాలుగు వేల టన్నుల మబ్బును లాగినోడు స్టూలు మీద చిన్నగా అయిపోయినాడు.

శశి లేచి వాని ముందరికి వచ్చి మూట లాక్కోని కూర్చున్నాడు.

"అన్నా," అన్నాడు. ఇంతసేపూ సారే, ఇప్పుడు అన్న. "ఈసారి వానొస్తే?"

వలి జేబులోంచి మడిచిన కాయితం తీసినాడు. ఇప్పి మోకాలి మీద పెట్టినాడు.

"ట్రయల్ దాకా ఎవుర్నీ ఇడవనని సంతకం పెట్టినా. ఇడిస్తే నా పని పోతాది." కాయితాన్ని మళ్ళా మడిచినాడు. "ఇడుస్తా. ఒక్కసారే అందరూ పోతే మిషను ఆగిపోతాది. నలుగురు పోండి, నలుగురు ఉండండి. పోయిన నలుగురూ ఎనిమిది చేన్లకూ ఏసి రాండి. పని ఆగకుంటే ఈ కాయితం ఎవురు చదువుతారు? చదివితే నేను చూసుకుంటా."

శశి తల తిప్పి లక్ష్మీదేవిని చూసినాడు.

"పెద్దమ్మా, ఇది కూడా కోతేనా?"

"వీని కోత ఇంత కురచగా యాడుంటాదిరా?" అనింది లక్ష్మీదేవి.

ఓబులేసు మూట మీద నుంచి లేచినాడు. "మన ఊర్లో ఒకడు నా చేన్లో ఒక దినం చేస్తే నేను వాని చేన్లో ఒక దినం చెయ్యాల. ముయ్యి అంటాం. వీడు నా చేన్లో చేసినాడు. వీనికి చేను లేదు. వీని చేను ఆ సైటే. రేపు ఆరింటికి నేనొస్తా. ఇంకెవురు?"

చేతులు లేచినాయి. మొదట లేచింది శశిదే.

అప్పుడు పడింది మొదటి చుక్క. దుమ్ములో టప్పుమని రూపాయి బిళ్ళంత గుంత చేసింది. ఎనక ఇంకోటి. క్షణంలో మట్టి వాసన లేచింది, ఎనిమిది మందీ మూటలు ఎత్తుకోని కేకలు పెట్టుకుంటా అంగడి రేకుల కిందికి ఉరికినారు. కదిరప్ప పొయ్యి లోపలికి లాక్కున్నాడు. రేకుల మీద వాన దబదబా కొడతాంటే ఎవుడో ఈలేసినాడు, ఎవుడో కదిరప్పను ఎత్తి తిప్పినాడు. రెండేండ్లకు ఒకసారి పడేటట్టుండే పెద్ద వాన.

"పదునయ్యేటట్టే ఉండాది," అన్నాడు ఓబులేసు చెయ్యి బయటికి పెట్టి. "అట్లైతే రేపు వలి ఎనకాల నలుగురం. చేన్లకు నలుగురు. నా చేను కూడా వాళ్ళదే భారం."

"రేపు ఆఫీసరు ఎనిమిది మంది ఏరీ అంటే?" అన్నాడు శశి.

"మిగతా నలుగురూ ఎనక బండిలో వస్తాండారు, దావలో వంక పారుతాందంట అని చెప్తా," అన్నాడు వలి. మొగంలో మళ్ళా ఎలుగొచ్చింది, వీపు నిటారుగా అయింది. "మూడు దినాలు పారుతాది ఆ వంక. నేను చెప్తే పారుతాది."

"అది చెప్పు. ఆ కోతకు నీకు ఎదురు లేదు," అనింది లక్ష్మీదేవి.

వలి వానకల్లా చూసి, మీసం దువ్వుకోని, మళ్ళా మొదలుపెట్టినాడు. "ఒక్క మాట మాత్రం చెప్పాలక్కా. ఆ సాళ్ళు వంకర కాదు. భూమి గుండ్రంగా ఉంటాది కదా. నేను పట్టిన గొర్రు ఎంత నేరుగా పోయిందంటే, భూమి వంపు అంతా ఆ సాళ్ళల్లో కనపడిపాయె. పార్కు సారు వచ్చి ఫోటోలు కూడా తీసుకోని..."

"వలీ," అనింది లక్ష్మీదేవి. "మా చేను వంతొచ్చిన దినం నా మొగుని బదులు నువ్వొచ్చినా నాకు సంతోషమే. అన్నం పెడతా. కానీ గొర్రు ముట్టుకోవద్దు. విత్తనం గంప మోస్తువులే. ఆ ఈల మాత్రం ఈడనే కదిరప్ప కాడ ఇచ్చిరా. మా ఎర్రెద్దు ఇంకా మర్చిపోలేదు."

వలి మెడలో ఈలను చూసుకున్నాడు. తాడు తలమీదుగా తీసి కదిరప్ప చేతిలో పెట్టినాడు.